118 కెల్విన్ల కోసం: పొరల స్ఫటికాలపై రామన్ ప్రయోగం, నా అనుభవం

పరిశోధనలో చేరిన తొలి వారంలో మా గైడ్ నా చేతికి ఒక చిన్న గాజు సీసా ఇచ్చారు. అందులో అభ్రకం రేకుల్లా తళతళలాడే నల్లని స్ఫటికాలు నాలుగైదు ఉన్నాయి. అది ఐరన్ ఫాస్ఫరస్ ట్రైసల్ఫైడ్ అనీ, అభ్రకం లాగానే పొరలు పొరలుగా ఊడివస్తుందనీ, సుమారు 118 కెల్విన్ల కన్నా కిందికి చల్లబరిస్తే అందులో అయస్కాంత క్రమం ఏర్పడుతుందనీ చెప్పి, "దీన్ని పది పొరల మందానికి తెచ్చాక కూడా ఆ క్రమం అలాగే ఉందో లేదో నువ్వు నాకు చూపించాలి" అన్నారు. అయస్కాంతం అనగానే ఇనుప రజనును లాక్కునే వస్తువే నా మనసులో మెదిలింది గాని, ఇది ఆ కోవలోది కాదు. దీని ప్రతి పొరలోనూ ఇనుము పరమాణువులు తేనెపట్టు గదుల మూలల్లో ఉన్నట్టుగా అమరి ఉంటాయి. ఆ పరమాణువు ఒక్కొక్కటీ ఒక చిన్న అయస్కాంతపు ముల్లులా ఉంటుంది, దాన్నే స్పిన్ అంటాం. చల్లబడినప్పుడు ఒక వంకర టింకర వరుసలోని స్పిన్‌లన్నీ పొరకు లంబంగా పైకి చూస్తే, దాని పక్క వరుసలోనివన్నీ కిందికి చూస్తాయి. ఒకదాన్ని ఒకటి కొట్టేసుకోవడం వల్ల మొత్తం మీద బయటికి తేలే అయస్కాంతత్వం సున్నా. ఇటువంటి వాటినే యాంటీఫెర్రోమాగ్నెట్లు అంటారు, ఆ క్రమం చెదిరిపోయే ఉష్ణోగ్రతను నీల్ ఉష్ణోగ్రత అంటారు.

బయటికి ఏమీ తేలని అయస్కాంతాన్ని కొలవడం ఎలాగన్నది మొదటి చిక్కు. ఆ రాత్రి కూర్చుని ఒక చిన్న లెక్క వేశాను. పది మైక్రాన్ల పొడవు, పది మైక్రాన్ల వెడల్పు, పది పొరల మందం ఉన్న పెచ్చు బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతుకు రెండింతలో, అంతకు కాస్త అటూ ఇటూనో తేలింది. మామూలు మాగ్నెటోమీటర్లు ఇంత తక్కువ పదార్థాన్ని పట్టుకోలేవు. న్యూట్రాన్ పరిక్షేపణం యాంటీఫెర్రోమాగ్నెట్ల లోపలి అమరికను చక్కగా బయటపెడుతుంది గాని, దానికి కంటికి స్పష్టంగా కనిపించే పరిమాణంలో స్ఫటికాలు కావాలి. నమూనా మీద నుంచి తిరిగొచ్చే కాంతి ధ్రువణం, అంటే కాంతి తరంగం ఊగే దిశ, ఎంత తిరిగిందో చూసే కెర్ పద్ధతి స్పిన్‌లన్నీ ఒకే వైపు చూసే ఫెర్రోమాగ్నెట్లకు బాగా పనికివస్తుంది, కాని నికర అయస్కాంతత్వం సున్నా అయిన చోట దానికి పట్టు దొరకదు. ఇక మిగిలింది కాంతి పరిక్షేపణం. లేజర్‌ను ఒక మైక్రాను వెడల్పు చుక్కగా కుదించగలం కనుక పెచ్చు ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, నికర అయస్కాంతత్వం సున్నా అయినా ఫర్వాలేదు.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ గుర్తించిన ప్రభావం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు. పదార్థం మీద పడిన కాంతిలో అత్యధిక భాగం అదే రంగుతో తిరిగివస్తుంది. కోటిలో ఒకటి వంటి స్వల్ప వంతు మాత్రం పదార్థంలోని కంపనాలకు కొంత శక్తిని ఇచ్చి గాని, వాటి నుంచి కొంత తీసుకుని గాని వేరే రంగుతో వస్తుంది. ఆ తేడాను మేము సెంటీమీటరుకు ఎన్ని తరంగాలన్న లెక్కలో కొలిచి, ప్రయోగశాల మాటల్లో ఇన్ని వేవ్ నంబర్లు అంటాం. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌కు 122 వేవ్ నంబర్ల తేడా అంటే తరంగదైర్ఘ్యంలో మూడున్నర నానోమీటర్లు మాత్రమే.

మరి కంపనాలను చూపే పద్ధతి అయస్కాంతత్వాన్ని ఎలా చూపుతుంది? దీనికి రెండు దారులు ఉన్నాయి. వాటి తేడా నాకు సరిగా బోధపడటానికి కొన్ని నెలలు పట్టింది. ఒకే రకం ఇళ్లున్న వరుసలో ఒకటి విడిచి ఒకదానికి సున్నం వేస్తే ఆ వరుస మళ్లీ మొదటికి వచ్చే దూరం రెండింతలవుతుంది కదా, స్పిన్‌లు పైకీ కిందికీ వరుసలు కట్టినప్పుడు స్ఫటికంలోనూ అదే జరుగుతుంది. పరమాణువులు ఉన్నచోటే ఉన్నా స్ఫటికపు ఆవర్తన దూరం రెట్టింపు కావడంతో, అంతవరకు కాంతికి అందని కొన్ని కంపనాలు అందుబాటులోకి వచ్చి వర్ణపటంలో కొత్త శిఖరాలుగా కనిపిస్తాయి. ఇది పరోక్షమైన దారి. రెండోది ప్రత్యక్షమైనది: క్రమంలో ఉన్న స్పిన్‌లలో ఒకటి ఊగితే ఆ ఊపు అలలా పాకుతుంది, దాన్ని మాగ్నాన్ అంటారు, కాంతి సరాసరి ఆ మాగ్నాన్‌ను పుట్టించి శక్తిని పోగొట్టుకుంటుంది. ఇటువంటి పరిక్షేపణాన్ని మొదట 1966లో ఫెర్రస్ ఫ్లోరైడ్‌లో చూశారు, దాని సిద్ధాంతాన్ని ఫ్లూరీ, లౌడన్ 1968లో ఇచ్చారు. నా స్ఫటికంలో ఆవర్తన దూరం రెట్టింపు కావడం వల్ల వచ్చే శిఖరాలు 88, 95 వేవ్ నంబర్ల చుట్టూ, మాగ్నాన్ 122 దగ్గర కనిపించాలి.

ఇక చేతిపని. స్ఫటికం ముక్కను జిగురు టేపు మీద పెట్టి, టేపును మడిచి, విప్పి, మళ్లీ మడిచి పది పన్నెండు సార్లు చేశాక, నల్లని మచ్చలతో నిండిన ఆ టేపును సిలికాన్ పలక మీద ఒత్తి మెల్లగా ఊడదీయాలి. 2004లో గ్రాఫీన్‌ను వేరు చేసిన పద్ధతి ఇదే, ఇప్పటికీ దీని కన్నా మెరుగైన పెచ్చులు ఇచ్చేది నాకు తెలిసి లేదు. పలక మీద 285 నానోమీటర్ల ఆక్సైడ్ ఉంటుంది. సూక్ష్మదర్శినిలో అది వంగపండు రంగులో కనిపిస్తుంది, దాని మీద మందపాటి పెచ్చులు పసుపుగా, మధ్యరకం నీలంగా, బాగా పలుచనివి వంగపండు రంగు మీద పడిన నీడలా కనబడీ కనబడనట్టు ఉంటాయి. మొదట్లో నేను టేపును విసురుగా లాగేవాణ్ణి, పలకంతా జిగురు మరకలే మిగిలేవి. తరవాత పట్టకారుతో ఒక మూల పట్టుకుని, టేపు పలక మీద వెనక్కి మడుచుకునేలా, గోరు కదిలినంత వేగంతో లాగడం అలవాటైంది. ఇరవై పలకలకు ఒకటి అక్కరకు వచ్చేది. చివరికి నాకు దొరికిన పది పొరల పెచ్చు కొడవలి ఆకారంలో ఉండేది. దాని మందాన్ని అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ సుమారు ఆరున్నర నానోమీటర్లుగా చూపింది. ఆ కొడవలిని నేను ఆ తరవాత ఏడాది పాటు చూస్తూనే ఉన్నాను.

కాంతి వైపు అసలు కష్టమంతా లేజర్ పక్కనే ఉన్న సన్నని సంకేతాన్ని లేజర్ నుంచి విడదీయడంలో ఉంది. దీనికి లేజర్ రంగును మాత్రమే ఆపే మూడు నాచ్ ఫిల్టర్లను ఒకదాని వెనక ఒకటి అమర్చి, ఒక్కొక్క దాని కోణాన్ని స్క్రూ తలను వెంట్రుకవాసి తిప్పుతూ సరిచేయాలి. మూడూ కుదిరిన క్షణంలో తెర మీద తెల్లగా పొంగిపోతున్న వర్ణపటం ఒక్కసారిగా అణిగిపోయి, పది వేవ్ నంబర్ల దాకా శుభ్రంగా కనిపిస్తుంది. అలా కుదిరిన రోజున, గది ఉష్ణోగ్రతలోనే కొడవలి మీద పదిహేను నిమిషాలు సంకేతాన్ని పోగుచేసి చూస్తే, 30 నుంచి 130 వేవ్ నంబర్ల వరకు దువ్వెన పళ్లలా సన్నని శిఖరాలు సమాన దూరంలో వరుసగా నిలబడ్డాయి. ఏదో కొత్తది దొరికిందని పరుగున వెళ్లి గైడ్‌ను పిలుచుకొచ్చాను. ఆయన తెర వంక చూసి, "లేజర్‌ను పెచ్చు మీద నుంచి పక్కకు జరిపి, ఉత్త సిలికాన్ మీద పెట్టి చూడు" అన్నారు. పెట్టాను, అవే శిఖరాలు. పలకను పూర్తిగా తీసేసి అద్దం పెట్టినా అవే. "నువ్వు చూస్తున్నది గాలి" అన్నారు నవ్వుతూ.

కాంతి ప్రయాణించే దారిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు తిరుగుతూ ఉంటాయి, వాటి భ్రమణం నుంచి వచ్చే రామన్ రేఖలే ఆ దువ్వెన. నైట్రోజన్ రేఖల మధ్య దూరం సుమారు ఎనిమిది వేవ్ నంబర్లు, నా దువ్వెన పళ్లను స్కేలు పెట్టి కొలిస్తే అంతే వచ్చింది. నమూనా శూన్యంలోనే ఉన్నా దాని ముందున్న అర మీటరు గాలి చాలు, పది పొరల పెచ్చు ఇచ్చే బలహీనమైన సంకేతంతో పోటీ పడటానికి. ఆ తరవాత లెన్సుల మధ్య దారిని గొట్టాలతో కప్పి ఆర్గాన్ నింపాం. ఆర్గాన్ ఏకపరమాణుక వాయువు, తిరగడానికి అణువే లేదు కనుక రేఖలూ లేవు. ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ మాగ్నాన్ల అధ్యాయంలో రాయరు. రాసి ఉంటే నా పరుగు తప్పేది.

చల్లబరచడం మరో తతంగం. నమూనాను చల్లగా ఉంచే శూన్యపు పాత్రను క్రయోస్టాట్ అంటారు, అందులో నమూనా ఒక రాగి దిమ్మ మీద ఉంటుంది. గది ఉష్ణోగ్రత నుంచి కిందికి దిగుతుంటే ఆ దిమ్మా, దాన్ని మోసే కడ్డీ కుంచించుకుపోయి, పెచ్చు కెమెరా చట్రంలో నుంచి పదుల మైక్రాన్లు జారిపోతుంది. లేజర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందువల్ల ప్రతి ఉష్ణోగ్రత దగ్గరా లేజర్ ఆపి, తెల్లని దీపం వేసి, కొడవలిని వెతికి, దాని మొన నుంచి మూడు మైక్రాన్ల లోపలికి చుక్కను తెచ్చి, ఫోకస్ సరిచేసి, అరగంట ఆగి అప్పుడు కొలిచేవాణ్ణి. కొలత నడుస్తుండగా డిటెక్టర్ మీద కాస్మిక్ కిరణం పడితే వర్ణపటంలో సూది మొనలా ఒక గీత లేస్తుంది. అందుకే ఒక పొడుగాటి కొలతకు బదులు అదే కొలతను అయిదు ముక్కలుగా తీసి, ఒక్క ముక్కలోనే కనిపించిన దానిని కొట్టివేయాలి. ఒక్క ఉష్ణోగ్రతకు గంటన్నర చొప్పున, 20 కెల్విన్ల నుంచి 150 దాకా ఒక వరుస పూర్తి కావడానికి రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు పట్టేది.

మొదటి వరుసలో 20 కెల్విన్ల దగ్గర తీసిన వర్ణపటం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. గది ఉష్ణోగ్రతలో 100 వేవ్ నంబర్ల చుట్టూ బద్ధకంగా పరుచుకుని ఉండే వెడల్పాటి దిబ్బ స్థానంలో 88, 95 దగ్గర రెండు నిటారు శిఖరాలు లేచాయి. వేడి చేస్తూ పోతే అవి క్రమంగా పొట్టివై, ఒకదానిలో ఒకటి కలిసి, మళ్లీ దిబ్బగా మారాయి. వాటి పక్కనే 247, 380 దగ్గర ఉన్న శిఖరాలు ఇదంతా తమకు పట్టనట్టు పెద్దగా మారకుండా నిలబడ్డాయి. అవి ఫాస్ఫరస్, సల్ఫర్ పరమాణువుల ఊపులు, ఇనుము స్పిన్‌లతో వాటికి పెద్దగా సంబంధం లేదు. ఒకే వర్ణపటంలో మారేవీ మారనివీ పక్కపక్కనే ఉండటం వల్ల, అమరిక చెడి తేడా వచ్చిందన్న అనుమానానికి తావు లేకపోయింది.

అయితే ఆ శిఖరాలు మాయమైన ఉష్ణోగ్రతే నన్ను తప్పుదారి పట్టించింది. మందపాటి పెచ్చులో అవి 117 కెల్విన్ల దగ్గర పోయాయి, పుస్తకాల్లో ఉన్న అంకెకు దగ్గరే. నా కొడవలిలో 106 దగ్గరే పోయాయి. పలుచబడే కొద్దీ క్రమం బలహీనపడుతోందని నాకు నేను చెప్పుకున్నాను. దానికి సిద్ధాంతం తోడు తెచ్చుకోవడమూ కష్టం కాలేదు. స్పిన్ ఏ దిక్కుకైనా స్వేచ్ఛగా తిరగగలిగితే, రెండు మితుల పదార్థంలో సున్నాకు పైన ఏ ఉష్ణోగ్రతలోనూ దీర్ఘదూర క్రమం నిలవదని 1966లో మెర్మిన్, వాగ్నర్ నిరూపించారు. పలుచన అయ్యే కొద్దీ క్రమం తగ్గడం ఆ మాటతో సరిపోతున్నట్టే అనిపించింది. కాని నా స్ఫటికంలో స్పిన్‌లు స్వేచ్ఛగా తిరిగేవి కావు, పైకి లేదా కిందికి మాత్రమే చూసేవి. అటువంటి ఐసింగ్ తరహా స్పిన్‌లు రెండు మితులలోనూ క్రమాన్ని నిలుపుకుంటాయని 1944లోనే ఆన్‌సాగర్ లెక్క కట్టి చూపారు. పైగా ఇదే స్ఫటికాన్ని ఒక్క పొర దాకా పలుచన చేసినా నీల్ ఉష్ణోగ్రత దాదాపు మారదని 2016లో రామన్ పద్ధతితోనే చూపించారు. ఆ వ్యాసం నా బల్ల మీదే ఉంది, అయినా నా అంకె మీద మమకారం దాన్ని పక్కకు నెట్టింది.

గ్రాఫు చూపించాను. గైడ్ ముందుగా అడిగింది సిద్ధాంతం గురించి కాదు.

"లేజర్ శక్తి ఎంత పెట్టావు?"

"అర మిల్లీవాటు సార్. అంతకన్నా తగ్గిస్తే సంకేతం రావడం లేదు."

"ఉష్ణమాపకం ఎక్కడ ఉంది?"

"రాగి దిమ్మలో."

"పెచ్చు ఎక్కడ ఉంది?"

నేను జవాబు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. అర మిల్లీవాటు అంటే చేతికి వెచ్చదనం కూడా తెలియని కాంతి, కాని దాన్ని ఒక మైక్రాను చుక్కలో కుక్కితే అక్కడి తీవ్రత చదరపు సెంటీమీటరుకు పదుల వేల వాట్లలో ఉంటుంది. మందపాటి పెచ్చులో ఆ వేడి పక్కలకు పాకిపోతుంది. పలుచని దానికి కిందనున్న ఆక్సైడే దారి. ఆ ఆక్సైడ్ వేడిని సరిగా పోనివ్వదు, పెచ్చు దానికి అన్ని చోట్లా అతుక్కుని కూడా ఉండదు. దిమ్మ 106 దగ్గర ఉన్నప్పుడు నా కొడవలిలో లేజర్ పడిన చోటు 118కి చేరిందన్నమాట. నేను కొలిచింది స్ఫటికపు గుణాన్ని కాదు, నా దీపపు వేడిని.

దీన్ని రుజువు చేయడానికి రెండు పనులు చేశాను. మొదటిది, కాంతి శక్తిని పోగొట్టుకున్న వైపున్న 247 శిఖరాన్ని, శక్తిని పుంజుకున్న వైపున్న దాని జంటతో పోల్చడం. పదార్థంలో ముందే వేడి కంపనాలు ఉంటేనే కాంతి వాటి నుంచి శక్తిని తీసుకోగలదు కనుక, ఆ రెండింటి నిష్పత్తి చుక్క పడిన చోటి అసలు ఉష్ణోగ్రతను చెబుతుంది. 106 కెల్విన్ల దగ్గర అది సుమారు 0.035 ఉండాలి, 118 దగ్గర సుమారు 0.05. నాకు వచ్చినది రెండో అంకెకే దగ్గరగా ఉంది. అయితే శక్తిని పుంజుకున్న వైపు శిఖరం అంత చలిలో ఎంత బక్కగా ఉంటుందంటే, ఈ లెక్కతో పది కెల్విన్ల తేడా ఉందని చెప్పగలను గాని ఒక్క కెల్విన్‌ను నిర్ణయించలేను. అందుకని రెండో పని తప్పలేదు: అదే వరుసను 250, 100, 50 మైక్రోవాట్లతో మళ్లీ తీయడం. 250 దగ్గర శిఖరాలు 112 వరకు నిలిచాయి, 100 దగ్గర 115 దాటాయి, 50 దగ్గర ఇంచుమించు 117. గ్రాఫు కాగితం మీద ఈ చుక్కల గుండా గీసిన గీతను శక్తి సున్నా అయ్యే చోటికి పొడిగిస్తే, అది 118కి కాస్త అటూ ఇటూగా వెళ్లి తగిలింది. 50 మైక్రోవాట్లతో ఒక్కొక్క కొలతకు ఆరు గంటలు పట్టింది, ఆ వరుస ఒక్కటే నా నెలన్నరను మింగింది. పదకొండు కెల్విన్ల మేర తగ్గిందనుకున్న నీల్ ఉష్ణోగ్రత అసలు తగ్గనే లేదన్న సమాధానం కోసం అంత కాలం పెట్టడం అప్పట్లో చేదుగానే అనిపించింది.

ఇదంతా అయ్యాక మాగ్నాన్ దగ్గరికి వచ్చాను. 20 కెల్విన్ల దగ్గర 122 వేవ్ నంబర్ల వద్ద ఒక శిఖరం ఉంది. వేడి చేస్తుంటే పక్కనున్న కంపనాలు ఒకటి రెండు వేవ్ నంబర్లు మాత్రమే కదలగా ఇది గబగబా కిందికి జారి, వెడల్పై, నీల్ ఉష్ణోగ్రత సమీపిస్తుంటే కనుమరుగైంది. మాగ్నాన్ నడక అదే. అయినా ఉష్ణోగ్రత ఒక్కదాని సాక్ష్యాన్ని నమ్మే స్థితిలో నేను అప్పటికి లేను. స్పిన్ అల అవునో కాదో తేల్చేది అయస్కాంత క్షేత్రం. పైకి చూసే స్పిన్‌ల ఊపు, కిందికి చూసే స్పిన్‌ల ఊపు క్షేత్రం లేనప్పుడు ఒకే శక్తితో ఉంటాయి. స్పిన్‌ల దిశలో క్షేత్రం పెడితే ఒకటి బరువెక్కి మరొకటి తేలికపడి, శిఖరం రెండుగా చీలాలి. ఒక్కొక్క టెస్లాకు ఒక్కొక్క కొమ్మ సుమారు 0.93 వేవ్ నంబర్లు జరగాలి. మామూలు కంపనానికి ఈ బాధ లేదు.

అతివాహక అయస్కాంతం ఉన్న మరో క్రయోస్టాట్‌లో మాకు పది రోజుల సమయం దొరికింది. అందులో మొదటి నాలుగు రోజులు ఒక వింతతో పోయాయి. క్షేత్రం పెంచే కొద్దీ, అడ్డ ధ్రువణంలో (పంపిన కాంతికి అడ్డంగా ఊగే కాంతిని మాత్రమే చూసినప్పుడు) ఉండకూడని శిఖరాలు మెల్లమెల్లగా పైకి లేచాయి, సమాంతర ధ్రువణంలోవి (పంపిన కాంతి దిశలోనే ఊగేవి) అదే లెక్కన తగ్గాయి. ఈసారి నేను ఎవరినీ పిలవలేదు, ముందుగా ఉత్త సిలికాన్ మీద పెట్టి చూశాను. సిలికాన్‌కు 520 వేవ్ నంబర్ల దగ్గర ఉండే శిఖరం ధ్రువణంతో ఎలా నడుచుకుంటుందో అందరికీ తెలిసినదే, దానికి అయస్కాంతంతో నిమిత్తం లేదు. అదీ అలాగే తిరిగింది. దోషం లేజర్‌ను నమూనా మీద చుక్కగా కుదించే ఆబ్జెక్టివ్ కటకానిది: అది అయస్కాంతపు గొట్టంలోనే కూర్చుని ఉంటుంది, క్షేత్రంలో ఉన్న గాజు గుండా వెళ్లే కాంతి ధ్రువణం తిరుగుతుంది, ఫారడే కాలం నుంచీ తెలిసిన సంగతే. ఒక్కొక్క టెస్లాకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో సిలికాన్ మీద పట్టిక తయారు చేసుకుని, క్షేత్రం మార్చిన ప్రతిసారీ ధ్రువణాన్ని తిప్పే హాఫ్ వేవ్ ప్లేట్‌ను ఆ మేరకు వెనక్కి తిప్పి కొలిచాను. ఆ పట్టిక కాగితాన్ని పరికరం మీదే టేపుతో అంటించాను. నా తరవాత వచ్చినవాళ్లు కూడా దాన్నే వాడుతున్నారు.

ఏడో రోజు రాత్రి రెండు టెస్లాల దగ్గర 122 శిఖరం భుజాలు వెడల్పయ్యాయి. అయిదు దగ్గర నడుమ లోయ పడి 117, 127కు చేరువలో రెండు తలలు కనిపించాయి. తొమ్మిది దగ్గర అవి 114, 130 చుట్టూ వేరువేరుగా నిలబడ్డాయి. 88, 95 శిఖరాలు ఒక్క గీత కూడా కదలలేదు. అవి అయస్కాంత క్రమం వల్ల కంటికి కనబడినవే అయినా స్వయంగా పరమాణువుల ఊపులు కనుక కదలకూడదు కూడా. రెండు దారుల తేడా గురించి నేను నెలల తరబడి చదివిన దాని కన్నా, ఒకే తెర మీద ఒకటి చీలుతూ పక్కది కదలకుండా ఉండటం చూశాక ఎక్కువ అర్థమైంది.

ఆ తరవాత నా పని క్రోమియం ట్రైఅయొడైడ్ మీదికి మళ్లింది. ఒక్క పొరలోనూ ఫెర్రోమాగ్నెట్‌గా నిలుస్తుందని 2017లో కెర్ పద్ధతితో చూపిన స్ఫటికం ఇదే. మొత్తం స్ఫటికానికి క్యూరీ ఉష్ణోగ్రత, అంటే ఫెర్రోమాగ్నెట్ క్రమం చెదిరిపోయే ఉష్ణోగ్రత, 61 కెల్విన్లు, ఒక్క పొరకు 45. రెండు పొరలైతే ఒక పొర పైకి, రెండోది కిందికి చూస్తూ యాంటీఫెర్రోమాగ్నెట్‌లా ప్రవర్తిస్తుంది. ఇనుము స్ఫటికంతో పోలిస్తే ఇది మహా సుకుమారం: గాలిలో వెలుతురు తగిలితే పలుచని పెచ్చులు కళ్లముందే నీటి బొట్లుగా మారిపోతాయి. పనంతా ఆక్సిజన్ పది లక్షల పాళ్లలో ఒక పాలు కూడా లేని గ్లవ్ బాక్స్‌లో, మందపాటి రబ్బరు తొడుగుల చేతులతో చేసి, పెచ్చును బోరాన్ నైట్రైడ్ పొరల మధ్య పొదిగి బయటికి తేవాలి. మొద్దుబారిన వేళ్లతో పట్టకారు పట్టుకోవడం గురించి ఒక పేజీ రాయగలను గాని, అది చదివేవారికి విసుగు.

ఈ రెండు పొరల పెచ్చులో చూడవలసింది ఒక్కటే. రెండు పొరలూ కలిసి ఒకే తీరున ఊగే కంపనం 129 వేవ్ నంబర్ల దగ్గర సమాంతర ధ్రువణంలో కనిపిస్తుంది. ఒకటి ఇటు, ఒకటి అటు ఊగే కంపనం మామూలుగా రామన్‌కు కనబడకూడదు. కాని స్పిన్‌లు కూడా ఒక పొరలో పైకి, మరో పొరలో కిందికి ఉన్నప్పుడు ఆ రెండు ఎదురుబొదురులూ కలిసి ఒకదాని లోటును ఒకటి పూడుస్తాయి, అది 127 దగ్గర అడ్డ ధ్రువణంలో బయటపడుతుంది. సుమారు 0.7 టెస్లా క్షేత్రం రెండు పొరలనూ ఒకే దిక్కుకు తిప్పగానే అది పోయి, అడ్డ ధ్రువణంలోనూ 129 రావాలి. మా గుంపులో మొదటిసారి దీన్ని చూసినది నేనే. సున్నా నుంచి 0.05 టెస్లా మెట్లతో పైకి వెళ్తుంటే, 0.65 దాకా ఉన్న 127 శిఖరం 0.70 దగ్గర లేదు. దాని చోటికి రెండు వేవ్ నంబర్ల అవతల 129 వచ్చి ఉంది. అప్పటికి లేజర్ శక్తి, ఆబ్జెక్టివ్ సవరణ, ఉత్త సిలికాన్ కొలత మూడూ అదే పేజీ పక్కన రాసి ఉన్నాయి. గైడ్ వాటిని వేలితో ఒకదాని తరవాత ఒకటి చూసుకుంటూ పోయి, మెట్టు ఎందుకంత పెద్దదిగా పెట్టావని మాత్రం అడిగారు.

చిన్న మెట్లతో మళ్లీ తీద్దామని వెనక్కి వచ్చేసరికి పెచ్చు ఒక అంచున బుడగలెత్తింది, పొదగడంలో ఎక్కడో సందు మిగిలిపోయినట్టుంది. రెండో పెచ్చును నిన్న క్రయోస్టాట్‌లోకి దించాను. ఈ రాత్రికి అది పది కెల్విన్లకు చేరుతుంది, రేపు ఉదయం 0.60 నుంచి 0.75 టెస్లా మధ్య 0.01 మెట్లతో మొదలుపెడతాను.